ఖిలాలో బచ్చాలెందుకు లేరు?



మా చెల్లెలి కూతురు ఫోనులో రూన్‌స్కేప్ అనే ఆన్‌లైన్ ఆట ఆడుతుంది. కత్తులు, జాదూ, అజ్దహాలు ఉండే లోకం అది. అక్కడ తన పేరు మీద ఒక ఇల్లు కట్టుకుంది. బావర్చీఖానా ఉంది, దావత్ హాలు ఉంది, తోట ఉంది, పిలిస్తే పరిగెత్తుకొచ్చే నౌకరు ఉన్నాడు. ఇల్లంతా తిప్పి చూపించాక అడిగింది: "మామూ, ఇంత పెద్ద ఘర్‌లో ఒక్క బచ్చా కూడా లేడేంటి?"

చిన్నపిల్ల సవాలే. కానీ దీనికి జవాబు చెప్పాలంటే రెండు వందల ఏళ్ళకు పైగా తారీఖ్ తిరగెయ్యాలి. నాకు అర్థమైన సంగతి ముందే చెప్పేస్తాను. ఈ ఆటల్లోని ఇల్లు మన గుడియా ఘర్ నుంచి పుట్టలేదు. జంగ్ మైదాన్ నుంచి పుట్టింది. అందుకే అందులోకి సిపాయి ముందొచ్చాడు, తర్వాత దుకాణదారు, ఆ తర్వాత నౌకరు, చివరికి గుర్రాలూ కుక్కలూ కూడా వచ్చాయి. బచ్చా మాత్రం గడప బయటే చాలాకాలం నిలబడిపోయాడు.

రెండు ఖాందాన్లు

ఇల్లు ఆట అనగానే మన అమ్మీలకు, నానీలకు గుర్తొచ్చేది వేరు. పాత గుడ్డపీలికలతో కుట్టిన గుడియా, దానికో గుడ్డా, ఆ ఇద్దరికీ షాదీ. ఒక ఇంటివాళ్ళు దుల్హన్ తరఫు, పక్కింటివాళ్ళు దుల్హా తరఫు. చిన్నచిన్న గిన్నెల్లో ఉత్తుత్తి వంట చేసే ఆటకు ఉర్దూలో హండ్‌కులియా అని పేరే ఉంది. తెలుగువాళ్ళు దాన్నే గుజ్జనగూళ్ళు అన్నారు. ఏటికొప్పాక లక్కపిడతలు హిందువుల ఇళ్ళలోనూ మన ఇళ్ళలోనూ ఒకేలా దొర్లాయి. ఆ ఆటలో ఇల్లు మొదలయ్యేదే బచ్చాతో. ఒళ్ళో గుడియా ఉంటేనే ఆ పిల్ల అమ్మీ అవుతుంది. ఇల్లు తర్వాత వస్తుంది. నాలుగు ఇటుకలు పేర్చినా ఇల్లే, దుపట్టా పరిచినా ఇల్లే.

ఈ ఖాందాన్ చాలా పాతది. హజ్రత్ ఆయిషా (రజి) బొమ్మలతో ఆడుకునేవారనీ, ప్రవక్త (స) ఇంట్లోకి రాగానే ఆమె సహేలీలు సిగ్గుతో దాక్కుంటే ఆయనే వాళ్ళను మళ్ళీ ఆటకు పంపేవారనీ బుఖారీలో ఉంది. అబూ దావూద్‌లో ఇంకో ఖిస్సా ఉంది. ఆమె బొమ్మల మధ్య గుడ్డపీలికలతో రెండు రెక్కలు పెట్టిన గుర్రం ఒకటి కనిపించింది. గుర్రానికి రెక్కలేమిటని ప్రవక్త (స) అడిగారు. హజ్రత్ సులైమాన్ (అలై) గుర్రాలకు రెక్కలుండేవని మీరు వినలేదా అని ఆమె ఎదురడిగారు. ఆయన పళ్ళు కనిపించేలా నవ్వారు. రెక్కల గుర్రం అంటే ఈ కాలం మాటలో ఫాంటసీయే. కల్పన మీద, ఆట మీద మన ఇళ్ళలో ఊరికే కోపం వచ్చేవాళ్ళు ఈ నవ్వును ఒకసారి తల్చుకోవాలి. బొమ్మల విషయంలో పిల్లలకు రుఖ్సత్ ఉందని చాలామంది ఉలమా చెప్పింది కూడా ఈ రివాయతుల ఆధారంగానే.

ఇక రెండో ఖాందాన్. దీని తాత షత్రంజ్. బల్ల మీద బాద్‌షా, వజీర్, ఏనుగులు, గుర్రాలు, ప్యాదాలు. ఆ బల్ల మీద జనానా లేదు, బావర్చీఖానా లేదు, బచ్చా లేడు. మన దేశపు చతురంగం ఈరాన్‌కు వెళ్ళి షత్రంజ్ అయింది, అరబ్బుల చేతుల మీదుగా యూరప్ చేరింది. 1780లో జర్మనీలోని బ్రన్స్‌విక్‌లో హెల్విగ్ అనే గణితం ఉస్తాద్ షత్రంజ్ బల్లను పెంచి, దాని మీద కొండలు, నదులు, ఫిరంగులు చేర్చాడు. 1824లో ప్రష్యా ఫౌజ్ అధికారి రైస్విట్జ్ గళ్ళు తీసేసి అసలు నక్షా మీదే ఆడే జంగీ ఆట తయారు చేస్తే, ఆ ఫౌజ్ దాన్ని అఫ్సర్ల తాలీమ్‌లో పెట్టింది.

ఆ పరంపరే అమెరికా చేరి సరదా ఆటగా మారింది. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అచ్చువేశారు. కాగితం, పెన్సిలు, పాచికలతో ఆడే ఆట. ఇవాళ్టి ఫాంటసీ ఆటలన్నిటికీ అమ్మ అదే. అందులో యోధుడి పాత్ర పై మెట్టుకు చేరాక ఖిలా కట్టుకోవచ్చు. ఖిలాకు ఎంత ఖర్చు, ఎంతమంది సిపాయిలు, చుట్టుపక్కల భూమి మీద ఎంత ఆమ్‌దనీ అన్న లెక్కలు ఉన్నాయి. ఆ ఖిలాలో ఒక ఊయల ఉంటుందన్న ఖయాల్ మాత్రం ఆ లెక్కల్లో లేదు. ఫాంటసీ ఆటలో ఇల్లు పుట్టింది ఇలా, ఫౌజీ ఠికానాగా.

ఆన్‌లైన్ లోకంలో ఇంటి కోసం పోటీ

1997 సెప్టెంబరులో 'అల్టిమా ఆన్‌లైన్' మొదలైంది. వేలమంది ఒకే లోకంలో తిరిగే ఆట. ఖాళీ జమీన్ కనిపిస్తే అక్కడ ఇల్లు నిలబెట్టుకోవచ్చు. కొద్ది కాలానికే జమీన్ అయిపోయింది. ఇల్లు కట్టడానికి చోటు వెతకడమే ఒక పని అయిపోయింది. హైదరాబాదులో, విజయవాడలో ప్లాటు కోసం తిరిగినవాళ్ళకు ఈ తిప్పలు వేరే చెప్పాలా! ఆ ఇళ్ళలో మొదట చేరిన కంప్యూటర్ మనుషులు ఎవరో తెలుసా? దుకాణదారులు. యజమాని ఆటలో లేనప్పుడు కూడా గుమ్మం దగ్గర నిలబడి అతని సరుకు అమ్మిపెట్టేవాళ్ళు.

2001లో మొదలైన రూన్‌స్కేప్‌లో ఇల్లు కట్టే విద్య 2006 మే 31న వచ్చింది. ఇక్కడ చేరినవాళ్ళు నౌకర్లు. పనిమనిషి, బావర్చీ, బట్లర్, చివరికి దెయ్యం బట్లర్ కూడా. తనఖా తీసుకుని చెక్కపలకలు మోసుకొస్తారు, చాయ్ తెస్తారు. ఇంట్లో రెండు పడకగదులు ఉంటేనే వాళ్ళు కొలువుకు వస్తారు. ఇది నాకు భలే చిత్రంగా అనిపించిన నియమం. నౌకరుకు పడకగది ఉండాలని ఆలోచించినవాళ్ళకు ఆ ఇంట్లో బచ్చా కూడా పడుకోవచ్చని తట్టలేదు.

2014 నవంబరులో 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' తన ఆటగాళ్ళకు గ్యారిసన్ పేరుతో సొంత ఠికానా ఇచ్చింది. ఆ పేరుకే సైనిక శిబిరం అని అర్థం. గనిలో మజ్దూర్లు, కమ్మరులు, సిపాయిలు. అదే 2014 ఏప్రిల్‌లో మొదలైన 'ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్' 2017 ఫిబ్రవరిలో ఇళ్ళు తెచ్చింది. చిన్న ఖోలీ నుంచి పెద్ద మహల్ దాకా రకరకాలు. కుర్చీలు, కాలీన్లు, ఫానూసులు అమర్చుకోవచ్చు. పెంపుడు జంతువులను, సవారీ గుర్రాలను, వ్యాపారిని, బ్యాంకు గుమాస్తాను ఇంట్లో నిలబెట్టవచ్చు. తర్వాత మెహమాన్ల బొమ్మలు కూడా వచ్చాయి. కానీ ఈ ఆట మొదలైనప్పుడు దాని వీధుల్లో కూడా బచ్చాలు కనిపించేవాళ్ళు కాదు. బాజార్ ఉంది, మయ్‌ఖానా ఉంది, ఖబ్రస్తాన్ ఉంది, గల్లీలో పరిగెత్తే పిల్లలు లేరు. ఇల్లు ముచ్చటగా సర్దుకున్న ఆటగాళ్ళు బచ్చాలు కావాలని అడిగారంటే ఆశ్చర్యం లేదు. ఇంట్లో అన్నీ అమర్చాక కరువు తెలిసేది అదే కదా.

బచ్చాలను ఎందుకు ఆపారు

కంపెనీలకు మొహబ్బత్ లేక కాదు. భయం ఉండి.

1988లో వచ్చిన 'అల్టిమా 5' ఆటలో ఒక గది ఉంది. అందులో పంజరాల్లో పిల్లలు. తలుపులు తీస్తే ఆ పిల్లలే ఆటగాడి మీదకు వస్తారు. ఇప్పుడేం చేస్తావన్నది ఆట తయారుచేసిన రిచర్డ్ గ్యారియట్ పెట్టిన ఇమ్తిహాన్. చంపకుండా బయటపడే ఉపాయాలూ ఉన్నాయి. అయినా ఆటను పరీక్షించేవాళ్ళలో ఒకరు ఇది పిల్లల్ని చంపించే ఆట అని గట్టిగా అభ్యంతరం చెప్పారు. కంపెనీ లోపలే పెద్ద బహస్ జరిగింది. ఆ గది ఆటలో ఉండిపోయింది కానీ సవాల్ కూడా ఉండిపోయింది. చేతిలో కత్తి ఉన్న ఆటలో బచ్చాను పెడితే, ఎవడో ఒకడు ఆ కత్తిని బచ్చా మీద ఎత్తుతాడు.

1997లో 'ఫాలౌట్' అనే ఆట వచ్చింది. అది జాదూ లోకం కాదు, అణుయుద్ధం తర్వాతి లోకం. ఆ ఆట యూరప్‌లో అమ్మేటప్పుడు పిల్లల పాత్రలను కనిపించకుండా చేసేశారు. హింసను తీసెయ్యలేదు, బచ్చాలను తీసేశారు! ఆ తర్వాత చాలా కంపెనీలు రెండే దార్లు పట్టాయి. బచ్చాలను పెట్టకపోవడం, లేదా పెడితే ఏ కత్తీ తాకకుండా చెయ్యడం.

ఆన్‌లైన్ ఆటలో ఇంకో చిక్కు ఉంది. అక్కడ నీ ఇంటికి పరాయివాళ్ళు వస్తారు. ఎవరు, ఎక్కడివాళ్ళు, ఏ నీయత్‌తో వచ్చారో తెలియదు. బచ్చా బొమ్మను అడ్డం పెట్టుకుని బేషరమ్ వేషాలు వేసేవాళ్ళు ఉంటారన్న జంకు వట్టి వహమ్ కాదు. ఇక మూడోది పని భారం. బచ్చా అంటే పెద్దవాడి బొమ్మను చిన్నది చేస్తే అయిపోదు. ఒళ్ళు వేరు, నడక వేరు, బట్టలు వేరు, గొంతు వేరు. ఆ ఆటల్లో మనుషులే కాదు, పిల్లిముఖం జాతులు, బల్లిముఖం జాతులు ఉంటాయి. ఒక్కో జాతికి ఒక్కో రకం బచ్చా కావాలి. అంత ఖర్చు కత్తులకు పెడతారు గానీ బచ్చాలకు ఎవరు పెడతారు?

బచ్చాలు వచ్చిన దారులు

అయినా వచ్చారు. గుడియా ఖాందాన్ ఊరుకోలేదు.

1991 అక్టోబరులో అమెరికాలోని ఓక్లాండ్ కొండల మీద మంటలు లేచి వేల ఇళ్ళు కాలిపోయాయి. అందులో విల్ రైట్ అనే ఆటల తయారీదారు ఇల్లు కూడా ఒకటి. మళ్ళీ ఒక్కో వస్తువూ కొనుక్కుంటూ ఇల్లు కట్టుకునేటప్పుడు అతనికి తట్టిన ఆలోచన 2000 ఫిబ్రవరిలో 'ది సిమ్స్' అయింది. ఖాలిస్ గుడియా ఘర్. జంగ్ లేదు, అజ్దహా లేదు. అందులో ఊయల ఉంది, ఫోను వస్తే బచ్చాను దత్తత తీసుకోవచ్చు, పట్టించుకోకపోతే సర్కారువాళ్ళు వచ్చి బచ్చాను తీసుకుపోతారు. ఆ మొదటి ఆటలో పిల్లలు ఎప్పటికీ పిల్లలే. 2004లో వచ్చిన రెండో భాగంలోనే వాళ్ళు పెరిగి, పెద్దయి, ముసలివాళ్ళవడం మొదలైంది. ఇంటి ఆటలో బచ్చా లేకుండా కుదరదని కోట్లమందికి తెలిసింది ఇక్కడే.

అదే 2004లో కొరియాలో 'మాబినోగీ' అనే ఆన్‌లైన్ ఫాంటసీ ఆట మొదలైంది. దాని ఉపాయం ఇంకోటి. అక్కడ బచ్చా ఇంట్లో ఉండడు, ఆడేవాడే బచ్చా. 10 నుంచి 17 ఏళ్ళ మధ్య ఏదో ఒక వయసులో మొదలుపెడతాడు. మన వారం ఒకటి గడిస్తే అతనికి ఒక ఏడాది గడిచినట్టు.

2007 ఏప్రిల్‌లో టోల్కీన్ కథల మీద వచ్చిన 'లార్డ్ ఆఫ్ ద రింగ్స్ ఆన్‌లైన్' మరో దారి పట్టింది. ఆ ఆటలో షాదీ పద్ధతి పెట్టలేదు గానీ దత్తత పెట్టారు! ఒక ఆటగాడి పాత్ర ఇంకో ఆటగాడి పాత్రను కొడుకుగానో కూతురిగానో తీసుకోవచ్చు. ఫలానావారి బేటా, ఫలానావారి బేటీ అన్న ఖితాబ్ పేరు పక్కన చేరుతుంది. అరబ్బీలో బిన్, బింత్ అన్నట్టే. ఆ బేటా వెనక ఉన్నది కంప్యూటర్ బొమ్మ కాదు, నిజం మనిషి. కాదనే హక్ అతనికుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ముందు పని పడుతుంది.

'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' ఏటా మే నెల మొదట్లో పిల్లల వారం జరుపుతుంది. జంగ్‌లో అమ్మానాన్నల్ని పోగొట్టుకున్న యతీం బచ్చా ఒకడిని యతీంఖానా చూసుకునే ఆమె నీకు అప్పగిస్తుంది. ఒక ఈల ఇస్తుంది. అది ఊదితే బచ్చా వస్తాడు. వాణ్ణి చూడాలనుకున్న చోట్లకు తిప్పాలి, స్ట్రాబెరీ ఐస్‌క్రీం కొనివ్వాలి, పెద్ద పేరున్నవాళ్ళను చూపించాలి. వారం అయ్యాక తిరిగి అప్పగిస్తే, ఒక చిన్న పెంపుడు జంతువు ఇనామ్. బచ్చా యతీంఖానాకు, పందిపిల్లో తాబేలో నీ ఇంటికి.

ఇంతవరకూ ముచ్చటగానే ఉంది. 2008లో ఆ ఆటలో బిరుదులు, గుర్తింపులు లెక్కపెట్టే పద్ధతి వచ్చాక పిల్లల వారానికి కూడా ఒక జాబితా తయారైంది. అందులో ఒక షరతు: యతీం బచ్చాను వెంటబెట్టుకుని, ఆటగాళ్ళు ఒకరినొకరు చంపుకునే మైదానాల్లోకి వెళ్ళి, జెండా పట్టుకోవాలి, బురుజు మీద హమ్లా చెయ్యాలి. ఈ షరతును చాలామంది తిట్టుకున్నారు. వాళ్ళ కోపం ఎక్కువగా అది కష్టమని. నా బాధ వేరు. జంగ్ వల్ల యతీం అయిన బచ్చాను ఇనామ్ కోసం మళ్ళీ జంగ్ మైదానానికే తీసుకెళ్ళారు. షత్రంజ్ ఖాందాన్ నెత్తురు అంత తేలిగ్గా పోదు.

ఇళ్ళలోకి బచ్చాలు నేరుగా వచ్చిన పెద్ద కేస్ 'స్కైరిమ్'. ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్‌కు అన్న లాంటిది. ఒంటరిగా ఆడే ఆట. 2011 నవంబరు 11న వచ్చింది. 2012 సెప్టెంబరులో దానికి 'హార్త్‌ఫైర్' అనే చేర్పు వచ్చింది. జమీన్ కొని ఇల్లు కట్టవచ్చు, ఇద్దరు పిల్లలను దత్తత తీసుకోవచ్చు. ఆన్‌లైన్ ఇళ్ళలో బచ్చాలు కావాలనేవాళ్ళలో చాలామందికి ఈ రుచి తగిలింది ఇక్కడే. వీధిలో పూలమ్మే పిల్ల ఉంది, తండ్రిని పోగొట్టుకుని ఓడరేవు ఊళ్ళో పని చేసే పిల్లాడున్నాడు. ఇంట్లో వాళ్ళకు మంచం, సందూక్ ఉండాలి. వాళ్ళకు జేబుఖర్చు ఇవ్వొచ్చు, పని చెప్పొచ్చు, దాగుడుమూతలు ఆడొచ్చు. అడవి నుంచి నక్కపిల్లను తెచ్చి పెంచుకుందామని బతిమాలుతారు. ఇద్దరు చాలక ఇంకా ఎక్కువమందిని తెచ్చుకునేలా ఆటగాళ్ళే ఆటను మార్చేసుకున్నారు. అంత ఆకలి ఉంది.

కానీ అక్కడ కూడా చూడండి. రిఫ్టెన్ అనే ఊళ్ళో ఒక యతీంఖానా ఉంది. దాన్ని నడిపే ముసలామె జాలిమ్. ఆ యతీంఖానా నుంచి బచ్చాను తెచ్చుకోవాలంటే ముందు ఆమె చచ్చిపోవాలి. వేరే దారి పెట్టలేదు. యతీంల తలుపు తెరిచే తాళంచెవి కూడా ఖత్లే. ఆ పిల్లలందరి ముఖాలూ దాదాపు ఒక్కలాగే ఉంటాయి, అందరూ మనుషుల జాతులవాళ్ళే. ఎన్నేళ్ళు ఆడినా ఒక్క అంగుళం పెరగరు.

ఉకాజ్ సంతలో ఒక బచ్చా

ఇదంతా చదువుతున్నప్పుడు నా మనసు మాటిమాటికీ ఒక్క పేరు దగ్గరికే వెళ్ళింది. హజ్రత్ జైద్ బిన్ హారిసా (రజి).

చిన్నతనంలో ఆయన్ను దోపిడీగాళ్ళు ఎత్తుకుపోయారు. ఉకాజ్ సంతలో అమ్మారు. హకీమ్ బిన్ హిజామ్ కొని తన ఫూఫీ హజ్రత్ ఖదీజా (రజి)కు ఇచ్చారు. ఆమె ప్రవక్త (స)కు ఇచ్చారు. అప్పటికింకా నుబువ్వత్ రాలేదు. కొడుకు కోసం ఏడుస్తూ తిరిగిన హారిసాకు జాడ తెలిసి, తమ్ముణ్ణి వెంటబెట్టుకుని ఫిద్యా సొమ్ముతో మక్కా వచ్చాడు. ప్రవక్త (స) సొమ్ము అడగలేదు. నిర్ణయం జైద్‌కు వదిలేశారు. తండ్రితో వెళ్తానంటే వెళ్ళొచ్చు, ఫిద్యా అక్కర్లేదు. జైద్ ఉండిపోతానన్నారు. అప్పుడు ఆయన్ను ఆజాద్ చేసి, అందరి ముందూ తన కొడుకని ప్రకటించారు. అప్పటినుంచి జనం జైద్ బిన్ ముహమ్మద్ అని పిలిచారు.

తర్వాత మదీనాలో సూరా అహ్‌జాబ్ ఆయతులు దిగాయి. పెంచుకున్న పిల్లలను వాళ్ళ సొంత తండ్రుల పేరుతోనే పిలవాలని హుకుం. జైద్ మళ్ళీ బిన్ హారిసా అయ్యారు. మొహబ్బత్ తగ్గలేదు. పోయింది ఒక్క ఖితాబ్, తిరిగొచ్చింది నసబ్. సహాబాల్లో ఖురాన్‌లో పేరుతో సహా ప్రస్తావన ఉన్నది ఆయన ఒక్కరికే.

ఈ ఖిస్సాలో ఆటల ఇళ్ళలో లేనివి మూడు ఉన్నాయి. ఒకటి బచ్చా మర్జీ. జైద్‌ను అడిగారు. ఆటలో బచ్చాను ఎవరూ అడగరు, మంచం ఉంటే చాలు, సంతోషంగా వచ్చేస్తాడు. రెండు బచ్చా పేరు. అతని వెనక ఒక తండ్రి ఉన్నాడు, ఒక కబీలా ఉంది, ఏడ్చిన తల్లి ఉంది. మూడు బచ్చా పెరగడం. జైద్ పెరిగారు, నికాహ్ చేసుకున్నారు, తండ్రయ్యారు, ముతా దగ్గర ఫౌజ్‌కు అమీర్‌గా నిలబడి షహీద్ అయ్యారు. పెరగని బచ్చా మీద జిమ్మేదారీ అంటూ ఉండదు. వాడు సజావట్.

దత్తత మీద మన దీన్ చెప్పేది చాలామంది అపార్థం చేసుకుంటారు. మనలో బచ్చాను పెంచుకోకూడదు అనేస్తారు. కాదు. పేరు చెరిపెయ్యకూడదు, నసబ్ దాచకూడదు. పెంచడం మాత్రం పెద్ద సవాబ్. దాన్నే కఫాలా అంటాం. యతీంను సంబాళించేవాడు జన్నత్‌లో తనకు రెండు వేళ్ళంత దగ్గరగా ఉంటాడని చెప్పిన ప్రవక్త (స) స్వయంగా యతీం. హైదరాబాదు నాంపల్లిలో అనీసుల్ గుర్బా యతీంఖానా ముందునుంచి ఎంతమంది రోజూ నడిచి వెళ్తారో! ఆ గేటు లోపలున్న పిల్లలకు ఈల ఊదితే పరిగెత్తుకు రావాల్సిన పని లేదు. మనం వెళ్ళాలి.

మన ఇళ్ళకు ఏమిటి?

ఆటలో బచ్చాను ఇంట్లో పెట్టుకోవడం గునాహా అని నన్నడిగినవాళ్ళు ఉన్నారు. నేను ముఫ్తీని కాను, ఫత్వా ఇవ్వను. తారీఖ్ చదివేవాడిగా ఒక్కటి చెప్పగలను. కత్తి పట్టుకున్న పిల్లాడు ఆ ఖిలాలో ఒక బచ్చాకు మంచం వేద్దామనుకుంటే, అది ఆ ఆటలో ఉన్న మంచి కోరికల్లో ఒకటి. జంగ్ ఖాందాన్ కట్టిన గోడల మధ్యకు గుడియా ఖాందాన్ తిరిగి వస్తోందన్నమాట. దాన్ని గద్దించకండి.

చూసుకోవాల్సినవి వేరే ఉన్నాయి. ఆ ఇల్లు ఆన్‌లైన్‌లో ఉంటే లోపలికి ఎవరు రాగలరో చూడండి. చాలా ఆటల్లో తలుపు మూసుకునే వీలుంది, మూయించండి. ఆ బచ్చా, ఆ ఇల్లు అసలు రూపాయలకు అమ్ముతున్నారా, లేక ఏముందో తెలియని డబ్బాలో పెట్టి అదృష్టం మీద అమ్ముతున్నారా చూడండి. డబ్బా విషయంలో జూదం వాసన ఉంది, దూరంగా ఉంచండి. గల్ఫ్‌లో ఉన్న అబ్బా రాత్రిపూట పిల్లలతో కలిసి ఆడే ఆట అయితే ఇంకా మంచిది. ఆ ఇంటికి వచ్చే మెహమాన్ ఎవరో అతనికీ తెలుస్తుంది.

పిల్లలతో కూర్చుని ఆ బచ్చా గురించి అడగండి. పేరేంటి? అమ్మీ అబ్బా ఎవరు? ఏమయ్యారు? ఇక్కడికి రావడం వాడికి ఇష్టమేనా? పెద్దయ్యాక ఏమవుతాడు? ఆటలో వీటికి జవాబులుండవు. మన పిల్లలు కల్పించుకుని చెబుతారు. రెక్కల గుర్రాన్ని చేసినట్టే. ఆ కల్పనలో జైద్ (రజి) ఖిస్సా వాళ్ళకు చెప్పడానికి మంచి మౌకా దొరుకుతుంది. యతీం అంటే ఇంటి సజావట్ కాదనీ, వాడు అమానత్ అనీ పదేళ్ళ పిల్లకు అర్థమయ్యేలా చెప్పడానికి నాకు ఇంతకంటే సులువైన దారి కనిపించలేదు.

రమ్‌జాన్‌లో జకాత్ లెక్క వేసేటప్పుడు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి. మీ ఊళ్ళో ఉన్న యతీంఖానా పేరు వాళ్ళ చేతే కాగితం మీద రాయించండి. వీలైతే ఒక జుమా తర్వాత వాళ్ళను అక్కడికి తీసుకెళ్ళండి. అక్కడి పిల్లలు ఏటా ఒక అంగుళమో రెండంగుళాలో పెరుగుతుంటారు. పోయినసారి ఇచ్చిన జత ఈసారికి పొట్టైపోయి ఉంటుంది. కొత్త కొలతలు అడిగి రాసుకురండి.